డబ్బాలో దొరికే నా రంగు

మా ఆఫీసు నాటకాల గుంపు వాట్సాప్‌లో ఆ మెసేజి వచ్చేసరికి నేను మాదాపూర్ ఆఫీసు క్యాంటీన్‌లో పెరుగన్నం తింటున్నాను. ఓ వెబ్ సిరీస్‌కి రాయలసీమ యాస బాగా మాట్లాడే, ముప్పై దాటిన, చామనఛాయ మహిళ కావాలట. ప్రధాన పాత్రట. పక్కన కూర్చున్న మా టీం అమ్మాయి మెసేజి చదివి నా వైపు చూసింది. నేనూ నన్నోసారి పైనుంచి కిందికి చూసుకున్నాను. యాస ఉంది, అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగిన యాస. ముప్పై ఎప్పుడో దాటాయి. ఇక చామనఛాయ సంగతి. నల్లగా ఉన్నావని మొహం మీద చెప్పలేని మర్యాదస్తుల కోసం పుట్టిన మాట అది. నేను చామనఛాయ కాదు, నలుపు. కానీ వాళ్లు అంత మర్యాదగా పిలిచారు కాబట్టి నేనూ మర్యాదగా పేరిచ్చేశాను.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంకొకరు చేసిన పనిలో తప్పులు వెతకడం. జీతం ఇవ్వకపోయినా నేనీ పని చేస్తానని మా ఆయన అంటుంటాడు. శని ఆదివారాలు నాటకాలు. అక్కడా నా స్థానం నాకు కేటాయించే ఉంచారు. పౌరాణికం వేస్తే రాక్షసి, సాంఘికం వేస్తే పనిమనిషి. రాక్షసిగా నాకు చప్పట్లు బాగానే పడేవి, అబద్ధమెందుకు. కానీ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నా మొహం నా రంగుతోనే కథలో నిలబడాలని, జనం దాన్ని తీరిగ్గా చూడాలని నాకు మహా కోరికగా ఉండేది. ఆ కోరిక గురించి బయటికి చెప్పుకోవడానికి సిగ్గు, అంతే.

ఇంట్లో మాత్రం చెప్పక తప్పలేదు. మా అమ్మ మాతోనే ఉంటుంది. పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటు కింద ఓ సిమెంటు బెంచీ ఉంది. సాయంత్రం అయిదయ్యేసరికి అక్కడ అమ్మదే రాజ్యం. గుంటూరు నుంచి వచ్చినావిడ, నెల్లూరు నుంచి వచ్చినావిడ, కరీంనగర్ నుంచి వచ్చినావిడ, అందరూ మా అమ్మ చెప్పే కబుర్లకు ఊ కొట్టేవాళ్లే.

"నిన్ను సినిమాలోకా?" అంది అమ్మ, చేట పక్కన పెట్టి.

"సినిమా కాదమ్మా, సిరీస్. ఫోన్లో వస్తుంది."

"యాడొస్తే ఏంలే. ఏంటికే నీకిదంతా? దినమంతా ఎండలో నిలబెడతారు. ఉండే రంగు కూడా పోతాది."

"ఇంకా పోవడానికేముందమ్మా!" అని నేను నవ్వితే అమ్మ నవ్వలేదు. లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆడిషన్ మా ఆఫీసుకు దగ్గర్లోనే, ఓ ఇంటి పైఅంతస్తులో జరిగింది. డైరెక్టరు కుర్రాడే, తెలంగాణ పల్లె నుంచి వచ్చినవాడు. కథ చెప్పాడు. సీమ నుంచి కూలిపనికి హైదరాబాదొచ్చిన ఓ ఆడమనిషి, ఇటుకలు మోస్తూ మోస్తూ చివరికి మేస్త్రి అవుతుంది, తన కింద పదిమంది మగవాళ్లకు పని చెప్తుంది. నాకు కథ వింటుంటేనే ఒళ్లు జలదరించింది. నాకిచ్చిన సీను కూలి ఎగ్గొట్టిన కాంట్రాక్టరును నిలదీసేది. మా ఊళ్లో కుళాయి దగ్గర నేను విన్న తిట్లలో ముద్రించదగ్గవి కొన్ని తీసి కలిపాను. అయిపోయాక ఆ కుర్రాడు చేతిలోని పేర్ల జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అక్కా, ఇగ మీరే మా మేస్త్రి," అన్నాడు. "ఇంకెవ్వల్ని చూసేదే లేదు."

ఆ మాట పట్టుకుని నేను దాదాపు నెలరోజులు గాల్లో తేలాను. ఆ తర్వాత ఫోనొచ్చింది.

"అక్కా, జర పరేషాన్ కాకుండ్రి. పైవాళ్లు తెలిసిన మొహం కావాలంటున్నరు. బొంబాయి నుంచి ఒకమ్మాయిని తీసుకున్నరు."

"మరి చామనఛాయ అన్నారుగా?"

"అది మేకప్ల చూస్కుంటం అక్కా."

"యాస?"

"అందుకే చేస్తున్నక్కా మీకు ఫోన్. సెట్‌కొచ్చి ఆమెకు యాస నేర్పాలె. తర్వాత డబ్బింగ్ గూడ మీరే చెప్పాలె."

నాకు ఏడుపొచ్చింది. మీటింగు మధ్యలో లేచొచ్చాను కాబట్టి ఏడవలేదు. ఆ మధ్యాహ్నం నేను పట్టిన తప్పుల్ని చూసి మా డెవలపర్లు నా జోలికి రావడం మానేశారు. ఇంట్లో అమ్మ "పోనీలే, పీడా పోయింది" అంది, కొంచెం సంతోషంగానే. మా ఆయన వెళ్లొద్దన్నాడు. నేను వెళ్లాను. నా మీద ఆయనకు కోపం వచ్చినా సరే, నేను లేకుండా నన్ను ఎలా తయారు చేస్తారో చూడాలనిపించింది. ఆఫీసులో సెలవు పెట్టాను.

షూటింగ్ నార్సింగిలో, రింగురోడ్డు పక్కన సగం లేచిన అపార్ట్‌మెంట్లలో. పొద్దున్నే వెళ్లేసరికి మేకప్ చేసే పెద్దాయన కారవాన్ మెట్ల మీద నిలబడి ఉన్నారు. గోదావరి వైపు మనిషి, మాట మెత్తన.

"అమ్మా, ఏమీ అనుకోకపోతే మీ చెయ్యి ఒకసారి ఇలా ఇవ్వండి," అన్నారు.

ఇచ్చాను. వెలుగులోకి తిప్పి చూశారు. లోపలికి తీసుకెళ్లి, అద్దం ముందు కూర్చున్న అమ్మాయి చెయ్యి పక్కన నా చెయ్యి పెట్టారు. డబ్బాలోంచి కొంచెం తీసి, ఇంకో డబ్బాలోంచి ఇంకొంచెం కలిపి, ఆమె మణికట్టు మీద రాసి, నా చెయ్యి చూసి, తల అడ్డంగా ఊపి, తుడిచి, మళ్లీ కలిపారు. ఎన్నిసార్లు కలిపినా రాదు. నాకు లోపల్లోపల గర్వంగానే ఉంది. మా అమ్మ ఏ కష్టమూ లేకుండా చేసిన రంగుని ఇంత అనుభవమున్న మనిషి అంతసేపు కలపలేకపోతున్నాడు మరి.

ఆ అమ్మాయి మీద కోపం పెంచుకుందామనే నేను వెళ్లాను. కుదరలేదు. సరదా మనిషి. నన్ను "దీదీ" అని పిలిచింది. మొదటి అరగంటలోనే మా వైపు తిట్లు రెండు నేర్పించుకుని, వాటిని తప్పుడు చోట వాడి లైట్‌బాయ్‌లందరినీ నవ్వించింది. చిన్నప్పుడు తనని ఓ సినిమాకు వద్దన్నారట, మరీ తెల్లగా ఉందని కాదు, ముక్కు పొడుగని. "ముక్కుకు డబ్బా లేదు దీదీ," అంది హిందీలో. నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

షాటు షాటుకీ మధ్య ఆమె మీద ఓ పెద్ద గొడుగు పట్టేవారు, ఎండ తగలకుండా. ఎండకు చర్మం నల్లబడితే తర్వాతి సినిమాకు కష్టమట. అంటే ఊరికే వచ్చే రంగుని గొడుగు పట్టి ఆపి, దాన్నే డబ్బాలోంచి తీసి పూస్తున్నారన్నమాట. ఇది నేను మేకప్ పెద్దాయనతో అంటే ఆయన "మా పొట్టకూడు అలాగే ఉంటుందండీ" అని నవ్వేశారు.

ఇక చెమట. మే నెల నార్సింగిలో రంగెక్కడ నిలుస్తుంది? మెడ దగ్గర కరిగి జాకెట్టుకు అంటుకునేది, మోచేతుల దగ్గర మాసికలు పడేవి. ఓ రోజు సగం సీను తీశాక చూస్తే చెవులకు పూయడం మర్చిపోయారు. మేస్త్రి నల్లగా, మేస్త్రి చెవులు గులాబీ రంగులో. అప్పటినుంచి నా పని యాసతో ఆగలేదు. కెమెరా పక్కన నన్ను నిలబెట్టేవారు, రంగు ఎంత దిగిందో నన్ను చూసి కొలుచుకోవడానికి. అసిస్టెంటు కుర్రాళ్లు టీ తాగినంత మామూలుగా వచ్చి "అక్కా, చెయ్యి" అనేవాళ్లు. నేను ఇచ్చేదాన్ని.

రాగి సంకటి రోజైతే చెప్పనక్కర్లేదు. మేస్త్రి సాయంత్రం పనైపోయాక సంకటి కెలికి, తడి చేత్తో ముద్ద కట్టి, తోటి కూలీలకు పెట్టాలి. ఆ అమ్మాయి తడి చెయ్యి వేడి సంకటి మీద పెట్టి ముద్ద చుట్టగానే రంగంతా ముద్దకు అంటుకుంది, వేళ్లు తెల్లగా తేలాయి. ఆ ముద్ద ఎవరూ తినరని డైరెక్టరు తల పట్టుకున్నాడు. చివరికి నన్ను కూర్చోబెట్టారు. చేతులు మాత్రం తీస్తామన్నారు. నేను ముద్ద కట్టాను, రెండుసార్లు అరచేతుల్లో ఎగరేసి గుండ్రంగా దింపాను. యూనిట్ వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత చేతులు కనిపించే సీన్లన్నీ నావే. తర్వాత మెట్లెక్కే కాళ్లు. ఆ తర్వాత తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయే వీపు. గొంతు ఎలాగూ నాదే. మొహం ఒక్కటి మిగిలింది. "ఆ మొహం కూడా నాకిచ్చేస్తే అందరికీ పని తగ్గేది కదా" అని డైరెక్టరుతో అన్నాను. "అక్కా, నన్ను చంపకుండ్రి" అని దండం పెట్టాడు. పాపం, వాడిదేం లేదని నాకూ తెలుసు.

అలాంటి ఒక పొద్దున, మేస్త్రికి అక్కగా వేయాల్సినామె రాలేనని ఫోన్ చేసింది. ఒకటే సీను. ఊరినుంచి అక్క వస్తుంది, చెల్లెలు ఇటుకల మధ్య నిలబడి మగవాళ్లకు పని చెప్తుంటే చూసి నిలబడిపోతుంది, ఇద్దరూ కూర్చుని తింటారు. డైరెక్టరు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, ఈసారి చేతులు గాదు. మొహమే."

ఇన్నాళ్లకు నా మొహం అడిగారు. ఒక్క సీనైతేనేం. కెమెరా ముందుకెళ్లి ఆ అమ్మాయి పక్కన నిలబడ్డాను. లైట్లు వెలిగాయి. కెమెరామన్ టీవీలో చూసి మొహం చిట్లించాడు.

"అక్కచెల్లెళ్ల కలర్ మ్యాచ్ అయితలేదన్నా."

నిజమే. నా చెయ్యి చూసి మొదలుపెట్టిన రంగు, నాతో కొలుస్తూనే ఉన్నా రోజూ కొంచెం కొంచెంగా మారి, లైట్లకు తగ్గట్టు ఎర్రబడి, ఇప్పుడు ఇటుకపొడి రంగులోకి వచ్చేసింది. ముందు తీసిన మొహం సీన్లన్నీ ఆ రంగులోనే ఉన్నాయి కాబట్టి దాన్ని మార్చడానికి లేదు. మారాల్సింది ఇంకెవరో మీరే ఊహించుకోండి. మేకప్ పెద్దాయన స్పాంజి పట్టుకుని నేల చూపులు చూస్తూ నా దగ్గరికొచ్చారు.

"అక్కా, జరంత టచప్," అన్నాడు డైరెక్టరు.

నా కోపం తారాస్థాయికి పోయింది. "నన్ను చూసి కలిపిన రంగు, నాతో సరిపోలేదని నాకు పూస్తారా? అసలుని నకలుకు సరిచేస్తారా? మీ ఆఫీసులో టెస్టింగ్ టీం లేదా?" అని అందరి ముందే అడిగేశాను. అంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. "చేతులడిగారు, ఇచ్చాను. కాళ్లడిగారు, ఇచ్చాను. మొహానికి మాత్రం చుక్క రంగు పడనివ్వను. కాదంటే ఇప్పుడే క్యాబ్ ఎక్కి ఇంటికి పోతాను."

అన్నానే గానీ లోపల భయం. వాళ్లు "సరే, వెళ్లండి" అంటే నా మొహానికి వచ్చిన ఆ ఒక్క సీనూ పోతుంది. ఇంకెప్పుడు వస్తుంది? ముందుగా ఆ బొంబాయి అమ్మాయే నవ్వింది. "దీదీ చెప్పేదాంట్లో తప్పేముంది? నేనే ఆమెలా ఉండాలని కదా నాకింత పూశారు" అంది. అని నా చెయ్యి పట్టుకుని నిలబడింది.

డైరెక్టరు గడ్డం గోక్కుంటూ కాసేపు అటూ ఇటూ తిరిగి, ఓ ఉపాయం తెచ్చాడు. చెల్లెలు అక్కను చూడగానే "ఎండల్లో తిరిగి ఎంత నల్లబడిపోయినావక్కా!" అనాలట. జనానికి తేడా ఎందుకుందో తెలిసిపోతుందట. పుట్టుకతో వచ్చిన నా రంగుకి సంజాయిషీగా ఒక డైలాగు. నాకు నచ్చలేదు. కానీ మొహానికి స్పాంజి తగలదు కదా అని ఒప్పుకున్నాను. సీను ఒక్క టేకులో అయిపోయింది. చెల్లెల్ని చూస్తూ నిలబడినప్పుడు నాకు నిజంగానే కళ్లు తడిశాయి. వెంటనే కెమెరామన్ టీవీలో నాకు చూపించారు. బాగుంది. నా నోటితో నేనే చెప్పకూడదు గానీ, బాగుంది.

తర్వాత డబ్బింగ్. మన సినిమావాళ్ల పద్ధతి మీకు తెలిసిందేగా. నటించేది ఒకరు, మాట్లాడేది ఇంకొకరు. మాదాపూర్‌లో ఓ చిన్న స్టూడియోలో అద్దాల గదిలో కూర్చుని ఆ అమ్మాయి మాటలన్నీ నేను చెప్పాను. ఆ అక్కచెల్లెళ్ల సీను వచ్చింది. తెర మీద ఆమె నా వైపు తిరిగి పెదాలు కదిపింది. ఇప్పుడు ఆమె గొంతుతో, అంటే నా గొంతుతో, నా మొహానికి "నల్లబడిపోయినావక్కా" అని నేనే చెప్పాలి. రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ సగంలో ఆపేశాను. మూడోసారి "ఎండల్లో తిరిగి ఎంత బక్కచిక్కిపోయినావక్కా!" అనేశాను. పెదాలకు సరిగ్గా అతికింది.

"సింక్ మంచిగనే ఉంది," అన్నాడు రికార్డు చేసే అబ్బాయి, ఆవలిస్తూ. డైరెక్టరు మళ్లీ వేయించుకుని విన్నాడు. నన్ను చూశాడు. "ఉండనియ్‌రా" అన్నాడు. నేను బక్కచిక్కిన మనిషిని కానని, చీర కుచ్చిళ్లు దోపుకోవడానికే అవస్థ పడతానని ఎవరికీ గుర్తురాలేదు.

సిరీస్ వచ్చిన రోజు ఇంట్లో అందరం కూర్చుని చూశాం. చేతులు కనిపించినప్పుడల్లా మా ఆయన ఈల వేశాడు. నా మొహం వచ్చినప్పుడు ముందుకు వంగి చూశాడు. అమ్మ కన్నార్పకుండా చూసింది. అయిపోయాక "పప్పు పొయ్యి మీదుండాది" అని లేచి వెళ్లింది. బాగుందనలేదు, బాగాలేదనలేదు.

మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే బెంచీ దగ్గర నన్ను ఆపేశారు. అందరూ మెచ్చుకున్నారు. గుంటూరావిడ నా బుగ్గ పుణికి, "ఎంత బాగా చేశావమ్మా! కానీ నీకు మరీ అంత రంగు పూశారేంటమ్మా? మీ అమ్మగారు చెప్పార్లే, సినిమావాళ్లు అలాగే పూస్తారంట కదా" అంది.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ చెప్పుల వైపు చూస్తోంది.

"రంగేమీ పూయలేదండీ. పౌడర్ కూడా రాయలేదు. అది నేనే," అన్నాను.

గుంటూరావిడ నా బుగ్గ మీది చెయ్యి తీసేసింది. నెల్లూరావిడే నా మీద జాలిపడి, "మా ఫోన్లో వెలుతురు తగ్గించి పెట్టుంటాడు మావాడు" అంది.

అమ్మతో లిఫ్టు ఎక్కగానే నా కోపం ఆగలేదు. "ఎందుకమ్మా అబద్ధం చెప్పావు? దానికోసం నేను యూనిట్ మొత్తంతో గొడవ పెట్టుకున్నాను తెలుసా?"

"వాళ్లనేదానికి ముందరే నేను అనేస్తే, ఇంగ వాళ్లకి అనేదానికేం మిగల్దు కదే," అంది అమ్మ, నంబర్ల వైపు చూస్తూ. "నువ్వు పుట్టినబ్బట్నుంచి అట్లనే చేస్తాండా. పుట్టినబ్బుడు కామెర్లొచ్చి ఎండలో పండుకోబెట్టినాము, అందుకే నల్లబడిందని చెప్పినా. ఇస్కూలప్పుడు ఖోఖో ఆడి ఆడి అట్లయిందని చెప్పినా. పెండ్లి కుదిరినబ్బుడు హాస్టలు నీళ్లు పడల్యా అని చెప్పినా. ఇబ్బుడు మేకప్పని చెప్పినా. ఎవురన్నా ఏమన్నా అంటే నీకు నొప్పి కాకూడదని కదా."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఇన్నేళ్లుగా ఎవరూ నన్ను పెద్దగా ఏమీ అనలేదని, నేను అదృష్టవంతురాలినని అనుకుంటూ వచ్చాను. మా అమ్మ ముందు నిలబడి ఆ మాటలన్నీ కాచుకుందని నాకు తెలియనే తెలియదు. లిఫ్టు మా అంతస్తులో తెరుచుకున్నా ఇద్దరం దిగలేదు.

"ఇంక చెప్పొద్దమ్మా," అన్నాను. "నాకు నొప్పి లేదు. నాకిష్టమై చేశాను. నా మొహం నాకు నచ్చింది."

అమ్మ ముందు లిఫ్టు దిగింది. ఇంట్లోకొచ్చాక కాఫీ కలిపిచ్చి, "ఆ సీను ఇంగోసారి పెట్టు" అంది. పెట్టాను. "ఈడ నిలుపు" అంది. ఆపాను. ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, తిరిగి నా చేతిలో పెట్టేసింది.

మరుసటి రోజు ఆఫీసు నుంచి కొంచెం త్వరగా వచ్చేశాను. బెంచీ వెనకవైపు నుంచి నడిచి వస్తున్నాను కాబట్టి నన్నెవరూ చూడలేదు. అమ్మ గొంతు పెద్దగా వినపడుతోంది, ఎవరూ అడక్కుండానే చెప్తోంది.

"మేకప్పని నిన్న నేను చెప్పింది అబద్ధమమ్మా. ఏమీ పూయలేదు. అది మా బిడ్డ రంగే."

"అవునా! ఎవరి పోలికండీ మరి? వాళ్ల నాన్నగారిదా?" అంది గుంటూరావిడ.

అమ్మ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"ఇంగెవురి పోలిక? చూస్తే తెలీడంల్యా? నాదే."